‘సోల్డ్ అవుట్’ అని కనిపిస్తే ట్యాబ్ మూసెయ్యకండి, బ్లాక్‌లో మాత్రం కొనకండి

2014లో ఎంఐ 3 ఫ్లాష్ సేల్ గుర్తుందా? నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా. మా అన్నయ్య కోసం ఫ్లిప్‌కార్ట్ పేజీ తెరిచి, టైమ్ అయ్యేదాకా మౌస్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నా. నొక్కేలోపే అయిపోయింది. మళ్లీ వారం, మళ్లీ అదే కథ. అప్పట్లో ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అంటే ఒకటే అర్థం. గోడౌన్‌లో ఫోన్లు లేవు, వచ్చే వారం రండి.

2025 ఫిబ్రవరిలో నాలుగు వారాల ఆన్‌సైట్ పని మీద లండన్ వెళ్లినప్పుడు, ఫుట్‌బాల్ టికెట్ పేజీలో ‘సోల్డ్ అవుట్’ అని చూసి అదే అర్థం చేసుకున్నా. ట్యాబ్ మూసేశా. నాతో పాటు బీటెక్ చదివి, అక్కడ ఎమ్మెస్సీ చేస్తున్న మా వాడు మాత్రం మూసెయ్యలేదు. ఇంకో దారి వెతికాడు. ఆ దారికి వాడికి 280 పౌండ్లు ఖర్చయ్యాయి. మ్యాచ్ మాత్రం చూడలేదు.

ఈ సైట్‌లో సాధారణంగా నేను ఫోన్ల గురించి రాస్తా. ఈసారి టికెట్ల గురించి ఎందుకంటే, ఇప్పుడు ఆ టికెట్ ఉండేది మీ ఫోన్‌లోనే. మోసం జరిగేదీ అక్కడే. పైగా యూకేలో చదివే మన పిల్లలు, ఆన్‌సైట్‌కి వెళ్లే మన ఇంజినీర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వెళ్లిన ప్రతివాడికీ ఒక్కసారైనా ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూడాలని ఉంటుంది.

అది స్టాక్ కాదు, స్టేటస్

మన ఊళ్లో పెద్ద హీరో సినిమా మొదటి రోజు థియేటర్ ముందు హౌస్‌ఫుల్ బోర్డు పెడతారు. బోర్డు పెట్టాక కూడా లోపలికి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు. కౌంటర్‌లో అమ్మాల్సినవి అయిపోయాయనే ఆ బోర్డు చెబుతుంది, హాల్లో ఖాళీ సీటు ఉందో లేదో దానికి సంబంధం లేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ‘సోల్డ్ అవుట్’ అన్నది కూడా ఇంచుమించు అలాంటి బోర్డే.

ఆర్సెనల్ ఆడే ఎమిరేట్స్ స్టేడియంలో 60 వేల పైచిలుకు సీట్లున్నాయి. టాటెన్‌హామ్‌కి 62,850. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో దాదాపు 74 వేలు. వీటిలో పెద్ద భాగం సీజన్ టికెట్ వాళ్లది, అంటే ఏడాదిలో 19 లీగ్ హోమ్ మ్యాచ్‌లకీ ముందే డబ్బు కట్టేసినవాళ్లది. అవతలి జట్టు అభిమానులకు 3,000 టికెట్లు, చిన్న స్టేడియం అయితే అందులో 10 శాతం. ఇంకొంత భాగం భోజనంతో కలిపి ఖరీదుగా అమ్మే హాస్పిటాలిటీకి పోతుంది. మిగిలినవి మెంబర్లకి. పెద్ద క్లబ్బుల్లో ఇక్కడే అయిపోతాయి. మామూలు జనానికి అమ్మే ‘జనరల్ సేల్’ దాకా చాలా మ్యాచ్‌లు రానే రావు. మీరు సైట్ తెరిచే సమయానికి క్లబ్ తన చేతిలో ఉన్నవన్నీ అమ్మేసి ఉంటుంది. స్టేటస్ మారింది, అంతే.

కానీ సీజన్ టికెట్ ఉన్నాయన ప్రతి మ్యాచ్‌కీ రాగలడా? పిల్లాడికి జ్వరం రావచ్చు, రైళ్ల సమ్మె ఉండొచ్చు, బుధవారం రాత్రి మ్యాచ్ పెడితే మర్నాడు ఆఫీసు. పైగా బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌లు టీవీలో లైవ్ వెయ్యరు. టీవీవాళ్లు ఏరుకున్న మ్యాచ్‌లు ఆదివారానికో, సోమవారం రాత్రికో జరుగుతాయి. జూన్‌లో షెడ్యూల్ చూసి ప్లాన్ చేసుకున్నవాళ్లకి అప్పుడు కుదరదు. వాళ్లు తమ సీటును క్లబ్ వెబ్‌సైట్‌లోనే తిరిగి అమ్మకానికి పెడతారు. దీన్నే టికెట్ ఎక్స్ఛేంజ్ అంటారు. ధర ముద్రించిన రేటు చుట్టుపక్కలే ఉంటుంది, వాడికి ఇష్టమొచ్చినంత పెట్టే వీల్లేదు.

అసలు విషయం ఇక్కడుంది. చాలా క్లబ్బుల్లో ఈ ఎక్స్ఛేంజ్ తెరుచుకునేదే మ్యాచ్ ‘సోల్డ్ అవుట్’ అయ్యాక. క్లబ్ ముందు తన సరుకు అమ్ముకోవాలి కదా, ఆ తర్వాతే మిగతావాళ్లది. అంటే నేను ట్యాబ్ మూసేసిన క్షణంలోనే నాలాంటివాడి కోసం అసలు అమ్మకం మొదలైంది.

ఊరికే లెక్క కోసం, 60 వేలలో రెండు శాతం మంది రాలేకపోయారనుకోండి. 1,200 సీట్లు. అవన్నీ ఒకేసారి రావు. రోజుకి కొన్ని, మ్యాచ్ దగ్గరపడేకొద్దీ ఇంకొన్ని, వచ్చిన రెండు నిమిషాల్లో మాయం. మీరు పేజీ తెరిచిన ఆ సెకనులో జీరో కనిపించడం మామూలే. ఆ జీరో ఆ సెకనుకే నిజం.

ఇంకో చిన్న సంగతి. బుక్‌మైషోలో ఎవరో సీటు పట్టుకుని డబ్బు కట్టకపోతే, కాసేపటికి ఆ సీటు మళ్లీ తెరుచుకుంటుంది చూశారా? ఇక్కడా అంతే. సీటు కార్ట్‌లో కొన్ని నిమిషాలు లాక్ అవుతుంది. పేమెంట్ ఫెయిలైతే తిరిగి వస్తుంది. ‘ఇప్పుడే పోయింది’ అనుకున్న సీటు కోసం ఇంకో పది నిమిషాలు ఆగి చూడండి. నేను చూసిన సీట్లలో సగం అలా తిరిగొచ్చినవే.

గేటు దగ్గర ఎర్ర లైటు

మా వాడి కథకి వద్దాం. క్లబ్ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు.

ఈస్ట్ హామ్‌లో నలుగురు పిల్లలు కలిసి ఉండే ఇంట్లో వాడిదో గది. ఆ నాలుగు వారాలూ నేను కూడా అక్కడే నేల మీద పరుపేసుకున్నా. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. అప్పటి కనీస వేతనం గంటకి 11.44 పౌండ్లు. అంటే వారమంతా ఓ సూపర్ మార్కెట్ గోడౌన్‌లో పెట్టెలు మోస్తే 229 పౌండ్లు. ఓ మెసేజింగ్ యాప్ గ్రూపులో ఒకడు ‘లాస్ట్ మినిట్, జెన్యూన్ సీట్, 280’ అని పెట్టాడు. మన లెక్కలో 30 వేల పైనే. ఆ గ్రూపులో ‘థాంక్యూ బ్రో, గాట్ ఇన్’ అని ఫొటోలు కూడా ఉన్నాయి. మా వాడు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసేశాడు. నాకు చెప్పింది ఆ తర్వాత.

“ఏరా, నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా?”

“నువ్వు సోల్డ్ అవుట్ అన్నావు కదా మామా.”

నిజమే, అన్నాను.

వచ్చింది ఒక పీడీఎఫ్. క్యూఆర్ కోడ్, క్లబ్ లోగో, సీటు నంబరు, అన్నీ ఉన్నాయి. మ్యాచ్ రోజు ఇద్దరం కలిసే వెళ్లాం, నాకు టికెట్ లేకపోయినా స్టేడియం బయటి నుంచి చూద్దామని. గేటు దగ్గర వాడు ఫోన్ పెట్టాడు. ఏమీ కాలేదు. బ్రైట్‌నెస్ పెంచి మళ్లీ పెట్టాడు. ఎర్ర లైటు. పక్కనున్న స్టీవార్డ్ పెద్దాయన ఫోన్ చూసి, మర్యాదగానే, ఈ గేట్లకి క్యూఆర్ కోడ్ చదివే కన్నే లేదని చెప్పాడు. ఎన్ఎఫ్‌సీ రీడర్ మాత్రమే ఉంది. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు పక్కకి జరగమన్నారు. లోపల పాటలు మొదలయ్యాయి. మా వాడు స్కార్ఫ్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

టెక్నాలజీ మీద కాస్త ఆసక్తి ఉన్న మనం దొరకాల్సిన మోసం కాదిది. ఇప్పుడు ప్రీమియర్ లీగ్‌లో చాలా క్లబ్బుల టికెట్ అంటే ఆపిల్ వాలెట్‌లోనో గూగుల్ వాలెట్‌లోనో కూర్చునే ఎన్ఎఫ్‌సీ పాస్. మెట్రో కార్డులాగా రీడర్‌కి తాకించాలి. దాన్ని స్క్రీన్‌షాట్ తియ్యలేరు. తీసినా అది బొమ్మే, రీడర్ మాట్లాడేది లోపలి చిప్‌తో. కాబట్టి ఎన్ఎఫ్‌సీ వాడే క్లబ్బుకి ఎవడైనా పీడీఎఫ్ పంపిస్తానన్నాడంటే అది దొంగ టికెట్టే, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కొనే ముందు క్లబ్ సైట్‌లో ‘డిజిటల్ టికెట్స్’ పేజీ ఒక్కటి చదివితే చాలు. రెండు నిమిషాల పని. ఫోన్ కొనే ముందు మూడు గంటలు రివ్యూలు చూస్తాం కదా.

‘నా అకౌంట్ లాగిన్ ఇస్తా, నువ్వు వాడుకో’ అనేది ఇంకో రకం. ఇది కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తుంది, అదే ప్రమాదం. పాస్‌వర్డ్ వాడి చేతిలోనే ఉంటుంది. మీరు రైల్లో ఉండగా అదే లాగిన్ ఇంకొకడికి అమ్మొచ్చు. పట్టుబడితే బయటికి పంపేది మిమ్మల్ని.

డబ్బు సంగతి

ఆ రాత్రి మా వాడు ఎవరికీ చెప్పొద్దన్నాడు. బ్యాంకుకి ఫోన్ చెయ్యమంటే, “వద్దు మామా, వీసాకి ఏమైనా అవుతుందేమో” అన్నాడు. ఈ భయం నేను మన పిల్లల్లో చాలామందిలో చూశా. ఏదైనా ఆఫీసుకి కంప్లయింట్ ఇస్తే తిరిగి మన మీదికే వస్తుందని. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తా, అది తప్పుడు భయం. మోసపోవడం నేరం కాదు.

2024 అక్టోబర్ 7 నుంచి యూకేలో ఒక నిబంధన అమల్లో ఉంది. ఎవరైనా మోసం చేసి మీ చేత బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే, బ్యాంకు ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. గరిష్ఠంగా 85,000 పౌండ్లు. అందులో 100 పౌండ్ల వరకు బ్యాంకు కోత పెట్టుకోవచ్చు. వెంటనే చెప్పాలి, బ్యాంకు అడిగిన వివరాలన్నీ ఇవ్వాలి, అంతే. మర్నాడు పొద్దున నేనే పక్కన కూర్చుని ఫోన్ చేయించా. గ్రూపు చాట్, పీడీఎఫ్, ట్రాన్స్‌ఫర్ రశీదు పంపాం. కొన్ని రోజులకి 180 పౌండ్లు వాడి అకౌంట్లో పడ్డాయి. మిగతా వంద పోయాయి, అంటే తొమ్మిది గంటల పెట్టెల మోత.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే ఇంకో రక్షణ ఉండేది. అక్కడి వినియోగదారుల చట్టంలో సెక్షన్ 75 ప్రకారం 100 పౌండ్లు దాటిన కొనుగోలులో అమ్మినవాడు మాట తప్పితే కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. అందుకే దొంగలు కార్డు తీసుకోరు, ట్రాన్స్‌ఫరే అడుగుతారు. అడిగే పద్ధతిలోనే వాడెవడో తెలిసిపోతుంది.

కోల్డ్‌ప్లేకి లేని చట్టం ఫుట్‌బాల్‌కి ఎందుకుంది?

‘బ్లాక్‌లో కొంటే తప్పేంటి, డిమాండ్ ఉంది, సప్లై లేదు’ అనేవాళ్లు కామెంట్లలో తప్పకుండా వస్తారు. ముందే చెప్తున్నా, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్ల కథ వేరు. 1994లో వచ్చిన క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ యాక్ట్‌లో 166వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడమే నేరం. ఎక్కువ రేటుకి అమ్మడం కాదు, అమ్మడమే. ఆ సెక్షన్ రాసింది ఫుట్‌బాల్ కోసం, సంగీత కచేరీల కోసం కాదు.

దీని వెనక చరిత్ర ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో గాయపడి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. ఆ ఘోరంపై విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ 1990 నాటి తుది నివేదికలో స్టేడియాల భద్రత గురించి చాలా సిఫార్సులు చేశారు. అనుమతి లేకుండా టికెట్లు అమ్మడాన్ని నేరం చెయ్యాలన్నది వాటిలో ఒకటి. రెండు జట్ల అభిమానులను వేరువేరుగా కూర్చోబెట్టాలంటే ఏ సీటు ఎవరిదో తెలియాలి. బ్లాక్ టికెట్ ఆ లెక్కని చెడగొడుతుంది. 2022 సెప్టెంబర్‌లో ఉప్పల్ టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్ దగ్గర ఏం జరిగిందో చూసినవాళ్లకి, టికెట్ల అమ్మకం కూడా జనం భద్రతకి సంబంధించిందేనని కొత్తగా చెప్పక్కర్లేదు.

చట్టం పట్టుకునేది అమ్మినవాడిని, కొన్నవాడిని కాదు. కానీ క్లబ్ మిమ్మల్ని గేటు దగ్గరే ఆపొచ్చు, సీటు నుంచి లేపొచ్చు. దానికి ఏ రీఫండూ ఉండదు. చట్టం ఉన్నా రీసేల్ సైట్లు గూగుల్‌లో పైకే కనిపిస్తాయి, చాలా వరకు ఇతర దేశాల నుంచి నడుస్తాయి. అనుమతి లేని సైట్ల జాబితాని ప్రీమియర్ లీగ్ తన వెబ్‌సైట్‌లోనే పెట్టింది. డబ్బు కట్టే ముందు అందులో ఆ పేరుందేమో చూడండి.

నా స్క్రిప్ట్ కథ (ఇది కాస్త సిగ్గుపడాల్సిన భాగం)

మా వాడికి డబ్బు వచ్చాక, వాడిని ఎలాగైనా ఒక మ్యాచ్‌కి పంపాలని నాకు పట్టుదల వచ్చింది. ఇద్దరం ఆ క్లబ్ మెంబర్‌షిప్ తీసుకున్నాం, ఎక్స్ఛేంజ్ వాడాలంటే అది ఉండాలి. తర్వాత నేను ఇంజినీరు బుద్ధి చూపించా. పైథాన్‌లో 60 లైన్ల స్క్రిప్ట్. మూడు సెకన్లకోసారి ఎక్స్ఛేంజ్ పేజీని అడుగుతుంది, సీటు కనిపిస్తే నా ఫోన్‌కి మెసేజ్. మంగళవారం రాత్రి పెట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి స్క్రిప్ట్ నిండా 403 ఎర్రర్లు, మెయిల్లో నా అకౌంట్ తాత్కాలికంగా ఆపేశామని నోటీసు.

మొదట కోపం వచ్చింది. నేనేమైనా వంద టికెట్లు కొని అమ్ముతున్నానా? ఒక్కటి కోసం చూస్తున్నా, అంతే కదా? తర్వాత సర్వర్ వైపు నుంచి ఆలోచించా. లాగ్‌లో నా స్క్రిప్టూ, వంద టికెట్లు ఎగరేసుకుపోయే దళారి స్క్రిప్టూ ఒకేలా కనిపిస్తాయి. నా ఉద్దేశం హెడర్‌లో వెళ్లదు. ఇంకా ముఖ్యమైంది, నేను గెలిచి ఉంటే ఓడేది దళారి కాదు. వాడి స్క్రిప్ట్ నాకంటే బాగుంటుంది, వాడి జీవనమే అది. ఓడేది ఆఫీసు మధ్యలో ఫోన్ తీసి రిఫ్రెష్ కొట్టే మామూలు మనిషి. అచ్చం మా వాడిలాంటివాడు. ఫ్లాష్ సేల్ రోజుల్లో ఆటో క్లిక్ స్క్రిప్టులు వాడినవాళ్లని నేను ఎంత తిట్టుకున్నానో గుర్తొచ్చింది.

అందుకే నా అభిప్రాయం మారింది. బాట్‌తో కొనడం తెలివి కాదు, లైన్లో దూరడమే. కోడ్ రాయడం వచ్చిన మనమే ముందు మానాలి.

క్యూ పేజీల గురించి కూడా ఒక మాట. పెద్ద అమ్మకాలకి వర్చువల్ వెయిటింగ్ రూమ్ పెడతారు. సాధారణంగా అమ్మకం మొదలయ్యేలోపు వచ్చినవాళ్లందరికీ లాటరీలాగా నంబర్లు పడతాయి, తర్వాత వచ్చినవాళ్లు వెనక వరసగా చేరతారు. కాబట్టి నాలుగు గంటల ముందు వెళ్లి కూర్చోవడం వల్ల లాభం లేదు, ఐదు నిమిషాల ఆలస్యం వల్ల మాత్రం నష్టం ఉంది. ఆ పేజీని పదే పదే రిఫ్రెష్ చెయ్యకండి.

క్లబ్బులు కూడా అంత పత్తిత్తులేం కాదు

దళారులని తిట్టి క్లబ్బులని వదిలేస్తే అది అన్యాయం. మెంబర్‌షిప్ అంటే టికెట్ కాదు, టికెట్ కోసం ప్రయత్నించే హక్కు. కొనేటప్పుడు ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొత్త జెర్సీ బొమ్మ పెద్దగా ఉంటుంది. ఎంతమంది మెంబర్లున్నారు, ఒక్కో మ్యాచ్‌కి వాళ్లకి ఎన్ని సీట్లు వస్తాయి అన్న రెండు అంకెలు ‘బై నౌ’ బటన్ పక్కనే రాయాలని నా డిమాండ్. ఫోన్ పెట్టె మీద బ్యాటరీ సామర్థ్యం రాయట్లేదా? ఆర్సెనల్ 2023-24 నుంచి రెడ్ మెంబర్లకి బ్యాలెట్ పద్ధతి పెట్టింది. వేగంగా క్లిక్ చేసినవాడికి కాకుండా లాటరీ తగిలినవాడికి టికెట్. బాట్‌లకి ఇది మంచి మందే. కానీ ఎంతమంది పోటీలో ఉన్నారో తెలియకపోతే లాటరీ కూడా చీకట్లో ఆటే.

అధికారిక రీసేల్ అన్నంత మాత్రాన అది న్యాయమైనదనీ అనుకోకండి. 2026 ప్రపంచకప్‌కి ఫిఫా తన సొంత రీసేల్ సైట్‌లో అమ్మేవాడి దగ్గర 15 శాతం, కొనేవాడి దగ్గర 15 శాతం ఫీజు పెట్టింది. 100 డాలర్ల టికెట్‌కి కొన్నవాడు 115 ఇస్తాడు, అమ్మినవాడికి 85 వస్తాయి, మధ్యలో 30 ఫిఫాకి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన వాళ్లు ఈ లెక్క చూసి నోరెళ్లబెట్టే ఉంటారు. క్లబ్ ఎక్స్ఛేంజ్‌లో దాదాపు అసలు రేటుకే చేతులు మారే సీటుకీ దీనికీ పోలికే లేదు. ఒకటి ఖాళీ సీటు నింపడానికి, ఇంకోటి ఖాళీ సీటు మీద సంపాదించడానికి.

ఇండియా నుంచి వెళ్తుంటే ఇవి చూసుకోండి

మొదటిది ఫోన్. మన దగ్గర అమ్మే బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఎన్ఎఫ్‌సీ ఉండదు. అదే మోడల్ యూరప్‌లో ఎన్ఎఫ్‌సీతో వస్తుంది, ఇండియా వేరియంట్‌లో తీసేస్తారు. యూపీఐ క్యూఆర్‌తో నడిచిపోయే మనకి దాని లోటు తెలియదు, స్టేడియం గేటు దగ్గర తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ‘ఎన్ఎఫ్‌సీ’ అని వెతకండి. రాకపోతే, ఆ క్లబ్ వేరే ఏర్పాటు చేస్తుందేమో టికెట్ కొనకముందే అడగండి. గూగుల్ వాలెట్ ఇండియాకి 2024 మేలో వచ్చింది, కాబట్టి యాప్ దొరకదన్న బాధ లేదు.

రెండోది కార్డు. ఆర్‌బీఐ నిబంధనల వల్ల మన కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ముందే ఆన్ చేసుకోండి. ఆ తర్వాత ఓటీపీ. నా అనుభవం చెప్తా. నా అకౌంట్ మళ్లీ తెరిచాక ఒక మంచి సీటు కార్ట్‌లోకి వచ్చింది, మూడు నిమిషాల టైమర్ నడుస్తోంది. నా ఇండియా సిమ్ విజయవాడలో అమ్మ దగ్గర పాత ఫోన్‌లో ఉంది. లండన్‌లో రాత్రి పది, అక్కడ తెల్లవారుజాము మూడున్నర.

“అమ్మా, మెసేజ్ వచ్చిందా?”

“ఏమైంది రా, బాగానే ఉన్నావా?”

“బాగానే ఉన్నా. మెసేజ్‌లో ఆరు అంకెలు వచ్చుంటాయి, చదువు.”

“ఆగు, కళ్లజోడు ఎక్కడ పెట్టానో...”

సీటు పోయింది. సిమ్‌కి రోమింగ్ వేయించి వెంట తీసుకెళ్లండి.

మూడోది మ్యాచ్ ఎంపిక. లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ వచ్చిన రోజే చూడాలని పట్టుబడితే కష్టం. టేబుల్‌లో కింద ఉన్న జట్టు వారం మధ్యలో వచ్చిన రోజు చూడండి, అదే స్టేడియం, అవే పాటలు. ఇద్దరు వెళ్తున్నా పక్కపక్క సీట్లే కావాలని కూర్చోకండి, ఎక్స్ఛేంజ్‌లో ఒంటి సీట్లే ఎక్కువ. టీవీ కోసం తేదీ మారే అవకాశం ఉంది కాబట్టి, తేదీ ఖరారు కాకముందే ఫ్లైట్ బుక్ చెయ్యకండి. ఇక నిజంగా ఫుట్‌బాల్ వాతావరణమే కావాలంటే తూర్పు లండన్‌లోనే లేటన్ ఓరియంట్ ఉంది, విమ్బుల్డన్‌లో ప్లవ్ లేన్ ఉంది. ఒక్కోటి తొమ్మిది వేల మంది పట్టే స్టేడియం, ఆటగాడి అరుపు మీ సీటు దాకా వినిపిస్తుంది. మహిళల మ్యాచ్‌లు ఎప్పుడైనా దొరుకుతాయిలే అనుకోవద్దు, 2024 ఫిబ్రవరిలో ఆర్సెనల్, మాంచెస్టర్ యునైటెడ్ మహిళల మ్యాచ్‌కి ఎమిరేట్స్‌లో 60,160 టికెట్లు అమ్ముడయ్యాయి. అదీ సోల్డ్ అవుటే.

నా చివరి వారంలో, మ్యాచ్‌కి 26 గంటల ముందు, మా వాడికి సీటు దొరికింది. స్క్రిప్ట్ లేదు, గ్రూపు లేదు. గోడౌన్‌లో టీ బ్రేక్‌లో ఫోన్ తీసి చూస్తే పై అంతస్తులో, చివరి నుంచి రెండో వరసలో ఒక్క సీటు. 58 పౌండ్లు. వాడి యూకే కార్డుకి యాప్‌లోనే అప్రూవల్, అమ్మ కళ్లజోడు అవసరం పడలేదు. నాకు దొరకలేదు, అయినా స్టేషన్ దాకా కలిసే వెళ్లాం. అదే గేటు కాదు కానీ అదే రకం గేటు. ఫోన్ తాకించాడు. పచ్చ లైటు. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరిగెత్తాడు వెధవ.

నేను బయట చిప్స్ కొనుక్కుని గోడకి ఆనుకుని నిలబడ్డా. మొదటి గోల్‌కి ఆ కాంక్రీటంతా ఊగినట్టు అరుపు వినిపించింది. రెండు నిమిషాలకి మా వాడి వీడియో కాల్, తెర మీద వాడి గడ్డమూ ఆకాశమూ తప్ప ఏమీ కనిపించట్లేదు. నా రెండో ట్యాబ్‌లో అప్పటికీ ‘సోల్డ్ అవుట్’ అనే ఉంది.